అమెరికాకు కారం, పసుపు, పచ్చళ్లు పంపుతారా? ప్రభుత్వ సాయం చేజారకుండా అందుకోవడం ఎలా

ఎగుమతి మాట ఎత్తగానే ఎవరైనా ముందు అడిగేది "సబ్సిడీ ఎంతొస్తుందండీ?" అనే. దరఖాస్తు పెడితే ఖాతాలో పడే డబ్బు ఇందులో చాలా తక్కువ. అసలు సాయం వేరే రూపాల్లో ఉంటుంది. మీ సరుకు మీద పడ్డ పన్నులు వెనక్కివ్వడం, బ్యాంకు అప్పు మీద వడ్డీ తగ్గించడం, కొన్నవాడు ఎగ్గొడితే నష్టంలో భాగం భరించడం, పరీక్షల ఖర్చులో కొంత తిరిగివ్వడం, ఎగ్జిబిషన్‌లో స్టాల్ ఇప్పించడం. ఇందులో పెద్ద వాటా, సరుకు పంపే ముందు కస్టమ్స్‌లో పెట్టే షిప్పింగ్ బిల్లు అనే ఒక్క కాగితానికి ముడిపడి ఉంది. సరుకు ఓడెక్కేలోపు అందులో సరిగ్గా రాయించుకుంటే డబ్బు దానంతటదే కదులుతుంది. రాయించుకోకపోతే ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

గుంటూరు దగ్గరో నిజామాబాద్ దగ్గరో చిన్న యూనిట్ పెట్టుకుని, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇండియన్ స్టోర్లకు కారం, పసుపు, పచ్చళ్లు పంపాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. రొయ్యల ఎగుమతి వేరే ప్రపంచం. దానికి ఎంపెడా అనే వేరే సంస్థ ఉంది, నియమాలు వేరు, పెట్టుబడులు వేరు. దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

1. ముందు కోడ్, తర్వాత సుంకం, ఆ తర్వాతే ధర

ప్రతి సరుకుకూ ఒక హెచ్ఎస్ కోడ్ ఉంటుంది. పసుపు 0910 30 కిందికి, కారప్పొడి 0904 22 కిందికి వస్తాయి. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే. ఆ పైన మన దేశం ఎనిమిది అంకెల దాకా, అమెరికా పది అంకెల దాకా విడగొడతాయి. మీకు ఇక్కడ వచ్చే రాయితీ మన ఎనిమిదంకెల కోడ్‌ను బట్టి ఉంటుంది. అక్కడ పడే సుంకం వాళ్ల పదంకెల కోడ్‌ను బట్టి ఉంటుంది. పచ్చళ్ల దగ్గరే గొడవంతా. వెనిగర్ వేసినదానికీ వేయనిదానికీ, పండుతో చేసినదానికీ ఆకుతో చేసినదానికీ కోడ్ మారిపోవచ్చు. కాబట్టి మీ సీహెచ్ఏను, అంటే కస్టమ్స్ బ్రోకర్‌ను, అమెరికాలో సరుకు దించుకునేవాళ్ల బ్రోకర్‌ను ఇద్దరినీ అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

సుంకం విషయంలో పాత అంకెలను నమ్ముకోవద్దు. మన సరుకుల మీద అమెరికా అదనపు సుంకం 2025 ఆగస్టు 7న 25 శాతమైంది. అదే నెల 27కల్లా 50 శాతానికి చేరింది. నవంబరు మధ్యలో కొన్ని మసాలా దినుసులు, టీ, కాఫీ లాంటివాటిని ఆ అదనపు సుంకం నుంచి తప్పించారు. ఆ తర్వాతా మార్పులు ఆగలేదు. కొటేషన్ ఇచ్చే రోజున అమెరికా ప్రభుత్వ టారిఫ్ వెబ్‌సైట్‌లో ఆ రోజు రేటు చూసుకుని ఇవ్వండి. "షిప్‌మెంట్ తేదీ నాటికి సుంకం మారితే ఆ భారం కొనుగోలుదారుదే" అనే వాక్యం కొటేషన్‌లో ఉండాలి. వాళ్లు ఒప్పుకోకపోతే కనీసం సగం సగం పంచుకునేలా మాట్లాడుకోండి.

ఇంకో సంగతి. యూఏఈ, ఆస్ట్రేలియాలతో మనకు వాణిజ్య ఒప్పందాలున్నాయి కాబట్టి సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు మన దేశానిదేనని చెప్పే పత్రం, పెడితే అక్కడ సుంకం తగ్గుతుంది. అమెరికాతో అలా కాదు, మనకు ఇచ్చిన జీఎస్‌పీ అనే సుంకం రాయితీని 2019 జూన్‌లో తీసేసింది. "ఆరిజిన్ సర్టిఫికెట్ తెస్తే డ్యూటీ తగ్గిస్తారు" అని ఎవరైనా ఫీజు అడిగితే, ఏ ఒప్పందం కింద తగ్గుతుందో చూపించమనండి. కొనుగోలుదారు మామూలు ఆరిజిన్ సర్టిఫికెట్ అడిగితే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యాన్ని చూసే కేంద్ర విభాగం) వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు.

2. రిజిస్ట్రేషన్లు: ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి, వరుస తప్పకండి

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది చేసుకోండి. పైసా ఖర్చు లేదు. కింద చెప్పబోయే వడ్డీ రాయితీలు, రీయింబర్స్‌మెంట్లు ఎంఎస్‌ఎంఈలకే, అంటే ఇలా నమోదైన చిన్న, మధ్యతరహా సంస్థలకే కాబట్టి ఇది పునాది. ఆహార పదార్థాలు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ ఎలాగూ ఉండాలి.

తర్వాత ఐఈసీ, అంటే ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్. డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయల ఫీజుతో వస్తుంది. మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు. దీనికి ఏజెంట్లు వేలల్లో అడుగుతుంటారు. పాన్, బ్యాంకు వివరాలు, చిరునామా రుజువు చేతిలో ఉంటే ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఏ మార్పూ లేకపోయినా ప్రతి ఏటా ఏప్రిల్, జూన్ మధ్య లాగిన్ అయి వివరాలు కన్‌ఫర్మ్ చేయాలి. లేదంటే ఐఈసీ పనిచేయకుండా పోతుంది. సరిగ్గా కంటైనర్ పోర్టు గేటు దగ్గర ఉన్నప్పుడే ఆ విషయం బయటపడుతుంది.

మూడోది మీ సరుకుకు సంబంధించిన మండలి దగ్గర సభ్యత్వం. మసాలా దినుసులైతే స్పైసెస్ బోర్డు. అక్కడ ఇచ్చే ఎగుమతిదారు రిజిస్ట్రేషన్‌ను క్రెస్ అంటారు, మూడేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. పచ్చళ్లు, అప్పడాలు, చట్నీలు ఎపెడా అనే వ్యవసాయ, ఆహార ఎగుమతుల సంస్థ కిందికి వస్తాయి. అక్కడ ఆర్‌సీఎంసీ అనే సభ్యత్వ సర్టిఫికెట్ తీసుకోవాలి. కారం, పచ్చళ్లు రెండూ పంపేవాళ్లు రెండూ తీసుకోక తప్పదు. నిజామాబాద్‌లో 2025లో మొదలైన జాతీయ పసుపు బోర్డును చూసి చాలామంది ఇక పసుపు ఎగుమతి రిజిస్ట్రేషన్ అక్కడే అనుకుంటున్నారు. దరఖాస్తు పెట్టే ముందు స్పైసెస్ బోర్డునే అడగండి, పసుపు ఇప్పటిదాకా వాళ్ల జాబితాలోదే.

నాలుగోది ఏడీ కోడ్. ఇది మీ బ్యాంకు ఇచ్చే 14 అంకెల నంబరు. బ్యాంకు లెటర్ తెచ్చుకుని కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లో, సరుకు వెళ్లే పోర్టు పేరు మీద నమోదు చేయాలి. చెన్నై మీదుగా ఒకసారి, విశాఖ మీదుగా ఒకసారి పంపుతామంటే రెండుచోట్లా చూసుకోండి. డ్రాబ్యాక్ (కస్టమ్స్ సుంకానికి బదులుగా వెనక్కి వచ్చే డబ్బు) జమ కావాల్సిన ఖాతాను కూడా అప్పుడే ఐస్‌గేట్‌లో నమోదు చేసేయండి. బ్రాంచి మేనేజర్‌కు ఏడీ కోడ్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. అలాంటప్పుడు అక్కడ వాదించకుండా, మీ బ్యాంకుకు దగ్గర్లో ఫారెక్స్ లావాదేవీలు చేసే బ్రాంచి ఏదో కనుక్కుని నేరుగా అక్కడికే వెళ్లడం మేలు.

3. అమెరికా గుమ్మం దాటించే పరీక్షలు

ఇక్కడ ప్రభుత్వ సాయం ఎక్కడుందో చెప్పే ముందు, అమెరికా ఏం అడుగుతుందో చెప్పాలి. ఇది తెలియకుండా మిగతావన్నీ వృథా.

ఆహారం తయారుచేసే ప్రతి యూనిట్ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదై ఉండాలి. ఆ నమోదు ఉచితం. అమెరికాలో ఉండే ఒక ఏజెంట్ పేరు ఇవ్వాలి. సరిసంఖ్య వచ్చిన ప్రతి ఏడాది అక్టోబరు 1, డిసెంబరు 31 మధ్య రెన్యువల్ చేయాలి. "ఎఫ్‌డీఏ సర్టిఫికెట్" అని బంగారు అంచు కాగితం ఒకటి చేతిలో పెట్టి పాతికవేలు తీసుకునేవాళ్లున్నారు. ఎఫ్‌డీఏ అలాంటి సర్టిఫికెట్ ఇవ్వదు, నమోదు నంబరు మాత్రమే ఇస్తుంది. ఏజెంటుగా ఉన్నందుకు ఎవరైనా ఫీజు తీసుకుంటే అది వాళ్ల సేవకు, ప్రభుత్వానికి కాదు. ప్రతి షిప్‌మెంట్‌కూ ప్రయర్ నోటీస్, అంటే సరుకు వస్తోందని ఎఫ్‌డీఏకు చెప్పే సమాచారం, ముందే వెళ్లాలి. అక్కడ దించుకునే ఇంపోర్టర్ మీ యూనిట్ శుభ్రత, ప్రమాదాల నివారణ కాగితాలు అడుగుతాడు, ఎందుకంటే ఎఫ్‌ఎస్‌వీపీ నియమం కింద సరఫరాదారును పరిశీలించే బాధ్యత అతనిదే. అడగని ఇంపోర్టర్ దొరికితే సంతోషించకండి, అతనికి నియమాలు తెలియవన్నమాట. సరుకు పోర్టులో ఆగితే నష్టపోయేది మీరు.

పచ్చళ్ల విషయం కాస్త నిదానంగా చూద్దాం, మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

కోడి పచ్చడి, మటన్ పచ్చడి పంపకూడదు. మాంసం, కోడి మాంసం ఉత్పత్తులు అమెరికాకు ఎగుమతి చేయడానికి అర్హత ఉన్న దేశాల జాబితాలో మనం లేము. ఎంత చిన్న సీసా అయినా ఇదే రూలు. ఇక ఆవకాయ. లేబుల్ మీద "నూనె" అని రాస్తే చాలదు. 2023 జనవరి 1 నుంచి నువ్వులు అమెరికాలో తొమ్మిదో అలర్జీ పదార్థం. నువ్వుల నూనెతో కలిపిన ఆవకాయ సీసా మీద ఆ సంగతి స్పష్టంగా కనపడాలి. గానుగ పల్లీ నూనె వాడితే పల్లీలని రాయాలి. అన్నిటికంటే తేలిగ్గా మరిచిపోయేది ఇంగువ. మార్కెట్‌లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది. అలాంటి ఇంగువ పోపు పెట్టిన గోంగూర పచ్చడి లేబుల్ మీద గోధుమ పేరు ఉండాలి. అది రాయనందుకు సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించవచ్చు. ఇంగువ డబ్బా వెనకవైపు చదివి, అందులో ఏముందో చూసి మీ లేబుల్ రాసుకోండి. ఆవాలు మాత్రం అమెరికా జాబితాలో లేవు. కెనడా, యూరప్ జాబితాల్లో ఉన్నాయి. కాబట్టి ఒకే లేబుల్‌తో అన్ని దేశాలకూ పంపుదామనుకుంటే ఆవపిండినీ చూపించండి.

కొన్ని పచ్చళ్లను ఎఫ్‌డీఏ "అసిడిఫైడ్ ఫుడ్" కింద లెక్కేస్తుంది. తక్కువ పులుపున్న కూరగాయకు నిమ్మరసమో వెనిగరో చింతపండో కలిపి పీహెచ్ 4.6కు తగ్గించి నిల్వ చేస్తే ఆ కోవలోకి వచ్చే అవకాశం ఉంది. అప్పుడు మామూలు నమోదుతోపాటు ఇలాంటి ఆహారం చేసే యూనిట్‌కు ఎఫ్‌డీఏ ఇచ్చే ఎఫ్‌సీఈ నంబరు, ఒక్కో పచ్చడి తయారీ పద్ధతిని వాళ్లకు వివరించే ఒక్కో ఎస్‌ఐడీ ఫైలింగ్ కావాలి. మామిడికాయలా సహజంగా పుల్లనిదైతే పరిస్థితి వేరు. ఏది ఏ కోవలోదో మీరు నిర్ణయించకండి. ప్రాసెస్ అథారిటీగా, అంటే తయారీ పద్ధతి సురక్షితమో కాదో తేల్చేవాడిగా పనిచేసే నిపుణుడికి శాంపిల్ పంపి రాతపూర్వకంగా తీసుకోండి. పది రకాల పచ్చళ్లతో మొదలుపెట్టడం కన్నా రెండు రకాలతో మొదలుపెట్టడం ఎందుకు మేలో ఈ ఖర్చు చూస్తే అర్థమవుతుంది.

కారం, పసుపులకు సాల్మొనెల్లా బ్యాక్టీరియా, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, సీసం, పురుగుమందుల అవశేషాలు, కలిపిన రంగులు చూస్తారు. అమెరికా అఫ్లాటాక్సిన్ హద్దు 20 పీపీబీ, అంటే వంద కోట్ల భాగాల్లో 20. మిర్చిని కళ్లంలో నేల మీద ఆరబోసినప్పుడే ఈ సమస్య మొదలవుతుంది. మిల్లు దగ్గర ఎంత జాగ్రత్తపడినా ఆ బూజు విషం పోదు. యార్డులో లాట్ కొనే ముందే శాంపిల్ పరీక్షకు పంపడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు సాయం సంగతి. స్పైసెస్ బోర్డుకు గుంటూరులోనే నాణ్యత పరీక్షల ల్యాబ్ ఉంది. మొదటిసారి ఎగుమతి చేసేవాళ్లకు కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ అంతర్జాతీయ సహకార పథకంలో ఒక భాగం ఉంది. 2022లో మొదలైంది. ఆర్‌సీఎంసీ ఫీజు, ఎగుమతి బీమా ప్రీమియం, పరీక్షలు, నాణ్యత సర్టిఫికెట్ల ఖర్చు ఈ మూడింటిలో పరిమితి మేరకు వెనక్కిస్తారు. ఇది రీయింబర్స్‌మెంట్. అంటే ముందు మీరు ఖర్చుపెట్టాలి, మీ సంస్థ పేరు మీద జీఎస్టీ బిల్లు ఉండాలి, బ్యాంకు నుంచే చెల్లించి ఉండాలి. నగదు ఇచ్చి తెచ్చుకున్న రసీదు పనికిరాదు. పథకం ఈ ఏడాది ఏ మేరకు నడుస్తోందో దగ్గర్లోని ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి కార్యాలయంలో ముందే అడిగి, ఆ తర్వాత టెస్టులకు పంపండి.

4. జీఎస్టీ: ఎల్‌యూటీ ఒక్కటి పెడితే సగం టెన్షన్ తీరుతుంది

ఎగుమతి మీద జీఎస్టీ సున్నా. దానికి రెండు దారులున్నాయి. ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇచ్చి పన్ను కట్టకుండా పంపి, కొనుగోళ్ల మీద కట్టిన పన్నును రిఫండ్ అడగడం ఒకటి. ఎగుమతి సరుకు మీద పడే జీఎస్టీని, అంటే ఐజీఎస్టీని కట్టి పంపి, దాన్ని వెనక్కి తీసుకోవడం రెండోది. చిన్న వ్యాపారికి పెట్టుబడి ఇరుక్కోకుండా ఉండాలంటే మొదటిదే మేలన్నది నా అభిప్రాయం. జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం నింపితే ఎల్‌యూటీ వస్తుంది. ఫీజు లేదు. మార్చి 31తో అది అయిపోతుంది. కొత్త ఆర్థిక సంవత్సరంలో మొదటి ఇన్వాయిస్ వేసే ముందే కొత్తది పెట్టాలి.

రెండో దారిలో షిప్పింగ్ బిల్లే రిఫండ్ దరఖాస్తు. విడిగా ఏదీ పెట్టనక్కర్లేదు. కానీ జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్నులో మీరు చూపించిన ఇన్వాయిస్ నంబరు, తేదీ, మొత్తం షిప్పింగ్ బిల్లులో ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఒకచోట "ఈఎక్స్‌పీ/01", ఇంకోచోట "ఈఎక్స్‌పీ-1" అని ఉంటే కంప్యూటర్ రెండింటినీ వేరువేరు బిల్లులుగా చూస్తుంది, రిఫండ్ ఆగిపోతుంది. మీ ఆడిటర్, మీ సీహెచ్ఏ ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉండేలా చూడండి. చిత్రంగా ఉంటుంది కానీ చాలా యూనిట్లలో ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకుని ఉండరు.

5. చెక్‌లిస్ట్ వచ్చిన ఆ అరగంట

కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు పెట్టే ముందు సీహెచ్ఏ మీకు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో "చెక్‌లిస్ట్" అనే పీడీఎఫ్ పంపుతాడు. కింద "ప్లీజ్ కన్‌ఫర్మ్" అని ఉంటుంది. లారీ లోడవుతూ ఉంటుంది, ఫోన్లు మోగుతూ ఉంటాయి, చాలామంది తెరవకుండానే "ఓకే" అని కొట్టేస్తారు. మీకు రావాల్సిన సాయం అంతా ఆ పీడీఎఫ్‌లోనే ఉంటుంది. వరుసగా ఏం చూడాలో చెబుతాను.

మొదటి పేజీలో ఐఈసీ, జీఎస్టీ నంబరు, ఏడీ కోడ్, బ్యాంకు ఖాతా చూడండి. పాత ఖాతా నంబరు మిగిలిపోతే డ్రాబ్యాక్ డబ్బు గాలిలో తిరుగుతుంది. తర్వాత జీఎస్టీ స్థితి. మీరు ఎల్‌యూటీ మీద పంపుతుంటే ఎల్‌యూటీ అనే ఉండాలి. పన్ను కట్టి పంపుతుంటే ఆ మొత్తం రావాలి.

తర్వాత ఐటమ్ వివరాల దగ్గరికి వెళ్లండి. ప్రతి ఐటమ్‌కూ హెచ్ఎస్ కోడ్ ఎనిమిది అంకెలూ చూడండి. పక్కన స్కీమ్ కోడ్ ఉంటుంది. డ్రాబ్యాక్ అడుగుతుంటే 19 ఉండాలి. 00 ఉంటే మీరు ఏ ప్రయోజనమూ అడగడం లేదని అర్థం. డ్రాబ్యాక్ సీరియల్ నంబరు మీ సరుకుదేనా అని చూడండి. ఆ కింద రోడ్‌టెప్ గడి ఉంటుంది. అందులో చివర "వై" అని ఉంటే మీరు అడుగుతున్నట్టు, "ఎన్" అని ఉంటే వద్దన్నట్టు. ఒక్క అక్షరం. కారం బ్యాగులు పది ఐటమ్‌లుగా ఉంటే పదింటికీ విడివిడిగా చూడాలి, మొదటిదానికి పెట్టి మిగతావాటికి మరిచిపోవడం మామూలే.

రోడ్‌టెప్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. డీజిల్ మీద పన్ను, కరెంటు మీద సుంకం, మండీ పన్ను లాంటివి జీఎస్టీలో కలవవు, వెనక్కి రావు. అవి మీ సరుకు ధరలో కలిసిపోయి విదేశానికి వెళ్తాయి. వాటిని కొంతమేర తిరిగివ్వడానికి 2021 జనవరి 1 నుంచి ఈ పథకం నడుస్తోంది. పాత ఎంఈఐఎస్ పథకం స్థానంలో వచ్చింది. సరుకు ఎఫ్‌ఓబీ విలువ మీద, అంటే ఓడ కిరాయి, బీమా కలపని విలువ మీద శాతం లెక్కన ఇస్తారు. కొన్నింటికి కిలోకు ఇంతకు మించకూడదన్న పరిమితి ఉంటుంది. రేట్లు అనుబంధం 4ఆర్ అనే జాబితాలో ఉంటాయి, ప్రభుత్వం వాటిని తరచూ మారుస్తుంది. రేటు ఒక శాతం అనుకుంటే 20 లక్షల ఎఫ్‌ఓబీ మీద 20 వేలు. చిన్నమొత్తంలా కనిపించినా ఏడాదికి ఆరు షిప్‌మెంట్లకు లెక్కేసుకోండి. డ్రాబ్యాక్ వేరు. దిగుమతి చేసుకున్న ముడిసరుకు, ప్యాకింగ్ సామగ్రి మీద పడిన కస్టమ్స్ సుంకానికి బదులుగా ఇచ్చేది అది. అర్హత ఉంటే రెండూ తీసుకోవచ్చు.

చివరిగా విలువ. లెక్క ఎఫ్‌ఓబీ మీదే కాబట్టి ఓడ కిరాయి, బీమా విడిగా చూపించారా లేదా చూడండి. అవి కలిపిన సీఐఎఫ్ ధరను ఎఫ్‌ఓబీ గడిలో వేయడం తప్పే, ఎక్కువ డబ్బు వస్తుంది కదా అని ఊరుకోకండి. ఆ తేడా తర్వాత వడ్డీతో సహా అడుగుతారు.

ఓడ వెళ్లిపోయాక తప్పు తెలిస్తే కస్టమ్స్ చట్టం సెక్షన్ 149 కింద షిప్పింగ్ బిల్లు సవరణ అడగవచ్చు. ఫీజు, ఉత్తరాలు, పాత కాగితాలు, అధికారి విచక్షణ ఇవన్నీ ఉంటాయి. చెక్‌లిస్ట్ చదవడానికి పట్టే అరగంటతో పోలిస్తే అది నెలల పని.

6. అప్పు, బీమా

ఆర్డర్ చేతికొచ్చాక సరుకు కొని పంపేదాకా బ్యాంకు ఇచ్చేది ప్యాకింగ్ క్రెడిట్. పంపాక డబ్బు వచ్చేదాకా ఇచ్చేది పోస్ట్ షిప్‌మెంట్ క్రెడిట్. వీటి మీద పాత వడ్డీ రాయితీ పథకం 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఏడాదిపాటు ఏమీ లేదు. 2025 నవంబరు 12న కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. అందులో అప్పులకు సంబంధించిన భాగం నిర్యాత్ ప్రోత్సాహన్, మార్కెట్లకు సంబంధించిన భాగం నిర్యాత్ దిశ. 2026 జనవరి నుంచి ఎంఎస్‌ఎంఈలకు 2.75 శాతం వడ్డీ రాయితీ తెచ్చారు. ఒక సంస్థకు ఏడాదికి 50 లక్షల పరిమితి ఉంది. నోటిఫై చేసిన హెచ్ఎస్ కోడ్‌లకే వర్తిస్తుంది. బ్రాంచిలో "పథకం అయిపోయిందండీ" అంటే వాళ్లు పాతదాని గురించి చెబుతున్నారేమో చూడండి. కొత్తదాని నోటిఫికేషన్, అందులో మీ కోడ్ ఉన్న పేజీ ప్రింట్ తీసుకుని వెళ్లండి.

బీమాకు ఈసీజీసీ. 1957 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. కొనుగోలుదారు దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా నష్టంలో ఎక్కువ భాగం ఇస్తుంది. చిన్న ఎగుమతిదారులకు విడిగా పాలసీ ఉంది. ఇక్కడ ఒక అపోహ తొలగాలి. "మా బ్యాంకు ఈసీజీసీ తీసుకుందండీ" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. బ్యాంకు తీసుకునే కవరు బ్యాంకు అప్పుకే రక్షణ. కొనుగోలుదారు ఎగ్గొడితే బ్యాంకుకు డబ్బు వస్తుంది, మీ బాకీ మాత్రం మీ నెత్తిన అలాగే ఉంటుంది. మీ పేరు మీద మీరే పాలసీ తీసుకోవాలి. ఆ స్టోరు పేరు మీద ముందే క్రెడిట్ లిమిట్ ఆమోదం పొందాలి. గడువు దాటిన వెంటనే వాళ్లకు తెలియజేయాలి. "మనవాడే, ఇస్తాడులే" అని మొహమాటపడి నెలలు గడిపితే క్లెయిమ్ పోతుంది. సరుకు నాణ్యత బాగోలేదని కొనుగోలుదారు గొడవపెడితే అది మామూలుగా కవరులోకి రాదు. అందుకే లాట్‌వారీ ల్యాబ్ రిపోర్టులు, లోడింగ్ ఫొటోలు దాచుకోండి. మరో మాట, ఆ స్టోరు గురించి ఈసీజీసీ లిమిట్ ఇవ్వడానికి నిరాకరిస్తే అదే మీకు ఉచితంగా దొరికిన సమాచారం. అడ్వాన్స్ లేకుండా పంపకండి.

7. డబ్బు వచ్చే దారి సరిగ్గా ఉండాలి

అమెరికాలో బావమరిదో స్నేహితుడో ఉంటే ఇది తప్పకుండా చదవండి. స్టోరువాళ్లు డాలర్లు అతని ఖాతాలో వేయడం, అతను ఇంటికి పంపినట్టు మీ సేవింగ్స్ ఖాతాకు పంపడం సులువుగానే ఉంటుంది. కానీ అలా వచ్చిన డబ్బు ఎగుమతి సొమ్ముగా లెక్కకు రాదు. ఆ షిప్పింగ్ బిల్లు, ఎగుమతి సొమ్ము వచ్చిందో లేదో చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో బాకీగానే కనిపిస్తుంది. అలా ఉండిపోతే తీసుకున్న డ్రాబ్యాక్, రోడ్‌టెప్ తిరిగి కట్టమంటారు, మీ పేరు హెచ్చరిక జాబితాలోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది. డబ్బు కొనుగోలుదారు సంస్థ ఖాతా నుంచి మీ కరెంట్ ఖాతాకే రావాలి. అడ్వాన్స్ అయితే పర్పస్ కోడ్ పీ0103, బిల్లు మీద వచ్చిందయితే పీ0102 అని బ్యాంకుకు చెప్పండి. సొమ్ము రప్పించుకోవడానికి గడువు ఒకప్పుడు తొమ్మిది నెలలు. 2025 నవంబరులో రిజర్వు బ్యాంకు దాన్ని 15 నెలలకు పెంచింది.

డబ్బు రాగానే బ్యాంకు దాన్ని డీజీఎఫ్‌టీ పోర్టల్‌కు పంపుతుంది. దాన్ని షిప్పింగ్ బిల్లుతో జతచేసి ఈబీఆర్‌సీ, అంటే ఎగుమతి సొమ్ము బ్యాంకుకు వచ్చిందన్న సర్టిఫికెట్, మీరే తయారుచేసుకోవచ్చు. నెలకోసారి కూర్చుని ఏవి మిగిలిపోయాయో చూసుకోండి.

రోడ్‌టెప్ డబ్బు నేరుగా ఖాతాలో పడదు. ఓడ బయల్దేరి, అందులోని సరుకు వివరాల పత్రం ఈజీఎం ఫైలయ్యాక కస్టమ్స్‌లో స్క్రోల్, అంటే మంజూరైన మొత్తాల జాబితా వస్తుంది. ఐస్‌గేట్‌లో లాగిన్ అయి దాన్ని స్క్రిప్‌గా మార్చుకోవాలి. అది దిగుమతి సుంకం కట్టడానికి పనికొచ్చే క్రెడిట్. మీకు దిగుమతులు లేకపోతే దిగుమతిదారులకు అమ్ముకోవచ్చు, ముఖవిలువకు కాస్త తక్కువ వస్తుంది. ఇద్దరు ముగ్గురిని అడిగి, ముందు డబ్బు ఖాతాలో పడ్డాకే స్క్రిప్ బదిలీ చేయండి. స్క్రోల్ వచ్చిందన్న సంగతి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఐస్‌గేట్ పాస్‌వర్డ్ సీహెచ్ఏ దగ్గరే ఉండే యూనిట్లున్నాయి. అది మీ చేతిలో, మీ ఫోన్ నంబరు మీద ఉండాలి.

8. కంటైనర్ కాదు, పార్సిల్ అయితే

వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని అయిదు కిలోలు, పది కిలోలు పంపేవాళ్లకు పోస్టాఫీసులో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలున్నాయి. షిప్పింగ్ బిల్లుకు బదులు ఇక్కడ పెట్టే పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు, ఐఈసీ కావాలి. 2026 జనవరి మధ్య నుంచి పోస్టులో పంపిన సరుకుకూ డ్రాబ్యాక్, రోడ్‌టెప్ వర్తింపజేశారు. అంతకుముందు ఇవి ఉండేవి కావు. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం లేదన్న పాత సంగతి మాత్రం మరిచిపోండి. 2025 ఆగస్టు 29తో అమెరికా ఆ వెసులుబాటు ఎత్తేసింది. మన పోస్టల్ శాఖ కొన్నాళ్లు బుకింగ్ ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. సుంకం ఇక్కడే బుకింగ్ దగ్గర కట్టాలి, కాబట్టి అది కూడా ధరలో కలుపుకోండి. ఎఫ్‌డీఏ నియమాలు అమ్మకానికి పంపే పార్సిల్‌కూ ఉంటాయి. బంధువులకు పంపే పచ్చడి అని రాసి పంపడం కొన్నాళ్లు నడవొచ్చు, వ్యాపారం మాత్రం దాని మీద నిలబడదు.

9. కొనుగోలుదారులను వెతకడానికి

మనవాళ్ల స్టోర్లు దాటి పెద్ద కొనుగోలుదారులు కావాలంటే ఎగ్జిబిషన్లకు వెళ్లాలి. న్యూయార్క్‌లో వేసవిలో జరిగే ఫ్యాన్సీ ఫుడ్ షోలో ఎపెడా ఇండియా పెవిలియన్ పెడుతుంది. విడిగా స్టాల్ తీసుకోవడంతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. ఎపెడా, స్పైసెస్ బోర్డు సర్క్యులర్లు నెలల ముందే వస్తాయి, సీట్లు తొందరగా నిండుతాయి, కాబట్టి రిజిస్టరైన మెయిల్‌ను వారానికోసారైనా తెరవండి. అక్కడిదాకా వెళ్లే ఓపిక ఇప్పుడే లేకపోతే ట్రేడ్ కనెక్ట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఖాతా తెరిచి, అమెరికాలోని మన రాయబార కార్యాలయాల వాణిజ్య విభాగాలకు ప్రశ్నలు పంపవచ్చు. ఏ సరుకు, ఏ ప్యాకింగ్, నెలకు ఎన్ని టన్నులు, ఏ పరీక్షలు చేయించారు అనేవి రాస్తే పనికొచ్చే జవాబు వస్తుంది. "బయ్యర్లు కావాలి" అని ఒక్క లైను రాస్తే రాదు.

సందేహాలకు హైదరాబాద్, విశాఖపట్నంలలో డీజీఎఫ్‌టీ ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. ఐఈసీ సమస్య, ఈబీఆర్‌సీ సమస్య అయితే ఆన్‌లైన్‌లో టికెట్ పెట్టి, ఆ నంబరు పట్టుకుని వెళ్లండి. షిప్పింగ్ బిల్లు, స్క్రోల్, డ్రాబ్యాక్ సంగతులు డీజీఎఫ్‌టీవి కావు, కస్టమ్స్‌వి. అక్కడ సరుకు వెళ్లిన పోర్టు పేరు, షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ ఈ మూడూ లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.